చిన్నప్పుడు హోలోకాస్ట్‌ను చూసినవాళ్ల జ్ఞాపకాలను బొమ్మల కథగా చెప్పాలంటే

హోలోకాస్ట్, అంటే రెండో ప్రపంచ యుద్ధకాలంలో హిట్లర్ నాజీలు యూదుల్ని మూకుమ్మడిగా చంపిన మారణకాండ. దాన్నుంచి బతికి బయటపడి ఇంకా మన మధ్య ఉన్నవాళ్లు దాదాపు అందరూ అప్పటి పిల్లలే. 1945లో ముప్ఫై ఏళ్లున్న మనిషికి ఇప్పుడు నూట పదేళ్లు దాటాలి మరి. 2024 జనవరిలో క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ అనే సంస్థ వేసిన లెక్కలో ప్రపంచం మొత్తమ్మీద సుమారు 2,45,000 మంది మిగిలారు. వాళ్లలో దాదాపు సగం మంది ఇజ్రాయెల్‌లోనే ఉన్నారు. నాజీలు, వాళ్లతో చేతులు కలిపినవాళ్లు చంపిన 60 లక్షల మంది యూదుల్లో 15 లక్షల మంది దాకా పిల్లలు. బతికిన పిల్లలకు యుద్ధం అయ్యాక పెద్దలు నచ్చజెప్పింది ఏమిటంటే, నువ్వు చిన్నవాడివి, నీకేం గుర్తుంటుంది, మర్చిపో అని. నాజీల నిర్బంధ క్యాంపుల నుంచి వచ్చిన పెద్దల సాక్ష్యం ముందు తమది లెక్కలోకి రాదని చాలామంది తామే నమ్మేశారు. దాక్కుని బతికిన పిల్లలు దేశదేశాల నుంచి వచ్చి మొదటిసారి ఒకచోట చేరింది 1991 మే నెలలో, న్యూయార్క్‌లో. అప్పటికి వాళ్లు యాభైల్లో, అరవైల్లో ఉన్నారు.

ఈ జ్ఞాపకాలకు మొదలూ చివరా ఉండవు. నాలుగేళ్ల పిల్లకు క్యాంపు పేరు తెలియదు, తేదీ తెలియదు. కుక్క అరుపు గుర్తుంటుంది, అమ్మ కోటు గుండీ గుర్తుంటుంది. వచనంలో రాస్తే ఆ ముక్కల మధ్య ‘ఆ తర్వాత’, ‘అందువల్ల’ అంటూ అతుకులు వేయాల్సి వస్తుంది. బొమ్మల కథలో రెండు ప్యానెళ్ల మధ్య, అంటే రెండు బొమ్మల గడుల మధ్య, తెల్లటి సందు ఉంటుంది, దాన్ని ఖాళీగానే వదిలేయొచ్చు. అందుకే ఈ పనికి బొమ్మల కథ ఇంత బాగా కుదురుతుంది. నేను గట్టిగా పట్టుకున్న సూత్రం కూడా అదే: వాళ్లకు గుర్తులేని చోటును చిత్రకారుడు తన ఊహతో పూడ్చకూడదు. కింద చెప్పేవన్నీ దాన్ని ఆచరణలో పెట్టే పద్ధతులు.

1. కథ ఎక్కడి నుంచి తెచ్చుకుంటారో తేల్చుకోండి

మనిషిని నేరుగా కలవగలిగితే అంతకన్నా కావలసింది లేదు. అమెరికా, కెనడా, జర్మనీ, ఇజ్రాయెల్‌లో ఉండే తెలుగువాళ్లకు ఆ అవకాశం ఇంకా ఉంది. ముఖ్యంగా తెలంగాణ నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇజ్రాయెల్ వెళ్లి వృద్ధుల ఇళ్లలో కేర్‌గివర్లుగా పనిచేసేవాళ్లకు, తాము చూసుకునే ముసలావిడ అలాంటి మనిషి అయ్యుండొచ్చు. ఆనాటి ఆకలి భయం వదలక దిండు కింద రొట్టె ముక్క ఎవరు దాచుకుంటున్నారో కన్నకొడుకు కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. కానీ అది పనిచేసే ఇంట్లో కంటపడిన సంగతి. ఆమె నోటితో ‘చెప్పుకో’ అనేదాకా అది మీ కథ కాదు.

రెండో దారి, రికార్డు చేసిన సాక్ష్యాలు. 1994లో మొదలైన షోవా ఫౌండేషన్ దగ్గర 50,000కు పైగా వీడియో ఇంటర్వ్యూలు ఉన్నాయి. జెరూసలేంలోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వషేమ్, వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం దగ్గర కూడా పెద్ద సేకరణలున్నాయి. కొన్ని ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. చూడొచ్చు కదా అని పుస్తకం వేసేయకూడదు, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఈ దారిలో ఒక లోటుంది: మీ ప్రశ్న మీరు అడగలేరు. ఎవరో ముప్ఫై ఏళ్ల కిందట అడిగినవాటితోనే సరిపెట్టుకోవాలి.

మూడోది, పిల్లలూ మనవలూ చెప్పేది. అలాంటప్పుడు అది వాళ్ల కథగానే గీయండి. మనవరాలు విన్న కథను నాయనమ్మ చూసిన కథలా చూపించకూడదు.

2. కలవడానికి ముందే ఆ ఊరి చరిత్ర చదవండి

హోలోకాస్ట్ అనగానే మన మనసులోకి వచ్చేవి ముళ్ల కంచె, పొగ గొట్టం, చారల బట్టలు. చాలామంది పిల్లల అనుభవంలో ఈ మూడూ లేవు. 1938 డిసెంబరు నుంచి 1939 సెప్టెంబరు దాకా సుమారు 10,000 మంది పిల్లల్ని, ఎక్కువగా తల్లిదండ్రులు లేకుండానే, రైళ్లలో ఓడల్లో బ్రిటన్ పంపారు. వాళ్ల కథలో క్యాంపే ఉండదు, స్టేషన్‌లో వీడ్కోలు ఉంటుంది. నెదర్లాండ్స్‌లో పొలాల మధ్య ఇళ్లలో, అటకల మీద దాక్కున్నవాళ్ల కథ వేరు. ట్రాన్స్‌నిస్ట్రియా పేరు మనలో ఎంతమంది విన్నారు? నీస్టర్, బగ్ నదుల మధ్య రొమేనియా ఏలుబడిలో ఉన్న ప్రాంతం అది. 1941 శరత్కాలం నుంచి బుకొవినా, బెస్సరాబియా ప్రాంతాల యూదుల్ని కుటుంబాలతో సహా అక్కడికి తోలేశారు. అక్కడ చావుకు కారణాలు కాల్పులు, ఆకలి, చలి, పేల వల్ల వ్యాపించే టైఫస్ జ్వరం. అక్కడి పిల్లవాడి కథకు అట్ట మీద పొగ గొట్టం వేశారంటే మొదటి తప్పు అట్ట మీదే పడ్డట్టు.

చదవడం ప్రశ్నలు తయారుచేసుకోవడానికి. వాళ్ల ముందు మీ పాండిత్యం ఒలకబోయడానికి కాదు.

3. కూర్చుని వినండి, పెన్సిలు వాళ్ల చేతికివ్వండి

పగటిపూట కలవండి. సాయంత్రం పొద్దుపోయాక ఇలాంటి మాటలు తవ్వితే ఆ రాత్రి వాళ్లకు నిద్ర ఉండదు. ఎప్పుడు ఆపాలో వాళ్లే చెప్పాలని మొదటి నిమిషంలోనే స్పష్టంగా చెప్పండి. ఇంట్లో ఇంకో మనిషి ఉండేలా చూసుకోండి. దుబాసీ కావలసివస్తే కొడుకునో కూతురినో ఆ పనికి పెట్టకండి. అమ్మ బాధపడుతుందని కొన్ని మాటలు మింగేస్తారు, అది వాళ్ల తప్పు కాదు.

‘అప్పుడు మీకేమనిపించింది?’ అని అడక్కండి. దానికి వచ్చే జవాబు ఎనభై అయిదేళ్ల మనిషిది, అయిదేళ్ల పిల్లది కాదు. బొమ్మకు పనికొచ్చే ప్రశ్నలు ఇలా ఉంటాయి: తలుపు గడియ మీకు అందేదా? పడుకుంటే పైన ఏం కనిపించేది? ఒక పక్క ఎవరు, ఇంకో పక్క ఎవరు? గిన్నె మీదేనా, పంచుకునేవారా? వెలుతురు ఏ వైపు నుంచి వచ్చేది? ఒళ్లు దేనికి ఆనుకుని ఉండేదో గుర్తుందా?

మధ్యలో కాగితం ముందుకు తోసి గది ప్లాను గీయమనండి. తమకు బొమ్మలు రావంటారు. నాలుగు గీతలు చాలనండి. మాటల్లో పావుగంట చెప్పినా తేలని సంగతి ఆ నాలుగు గీతల్లో బయటపడుతుంది: కిటికీ ఎక్కడో చెప్పలేనివాళ్లు మంచం పక్కన గోడలోని కన్నం మాత్రం సరిగ్గా చుక్క పెట్టి చూపిస్తారు. ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచండి, వాళ్లు ఒప్పుకుంటే పుస్తకంలో యథాతథంగా అచ్చువేయండి.

కెనడాలోని విక్టోరియా యూనివర్సిటీలో షార్లొట్ షల్లియే నడిపిన ప్రాజెక్టులో బార్బరా యెలిన్, గిలాద్ సెలిక్తార్, మిరియమ్ లిబికి అనే ముగ్గురు చిత్రకారులు నలుగురు సర్వైవర్లతో ఇలా కలిసి పనిచేశారు. 2022లో అది పుస్తకమైంది. ఆ నలుగురిలో ఇద్దరు, నెదర్లాండ్స్‌లో 13 చోట్ల దాక్కుని బతికిన అన్నదమ్ములు. ఇద్దరు తోబుట్టువులు దొరికితే ముందు విడివిడిగా వినండి. ఒకే ఇంటిని రెండు రకాలుగా చెప్పారనుకోండి, తీర్పు చెప్పే పని మీది కాదు. రెండు ఇళ్లూ గీయండి.

రికార్డింగును కాగితం మీద పెట్టేటప్పుడు మౌనాన్ని కూడా రాయండి. ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు అన్నది తర్వాత ప్యానెల్ వెడల్పు నిర్ణయిస్తుంది.

4. మూడు రంగులతో గుర్తు పెట్టండి

రాసుకున్న మొత్తాన్ని మూడు రంగుల పెన్సిళ్లతో గీత కొట్టండి. వాళ్లకు స్వయంగా గుర్తున్నది ఒక రంగు. తర్వాత అక్కో మేనత్తో చెబితే తెలిసింది ఒక రంగు. కాగితాలూ చరిత్రా చెప్పేది ఇంకో రంగు. మనకు తెలియకుండానే ఈ మూడూ కలిసిపోతుంటాయి. అందుకే ఈ పని విసుగనిపించినా వదలొద్దు.

తర్వాత ఆ తేడా పేజీ మీద కూడా కనబడాలి. స్వయంగా గుర్తున్నదానికి పెన్సిలు గీత, విన్నదానికి పలచటి నీళ్లరంగు, డాక్యుమెంటుకు డాక్యుమెంటు బొమ్మే. ఇలా ఏదో ఒక పద్ధతి పెట్టుకుని చివరిదాకా తప్పకండి. పాఠకుడికి వివరించి చెప్పనక్కర్లేదు, పది పేజీలు తిప్పేసరికి కంటికి అలవాటవుతుంది.

జ్ఞాపకం, కాగితం ఢీకొన్నప్పుడు ఏం చేయాలి? ఉదాహరణకు, రైలెక్కిన రోజు మంచు కురిసిందని ఆవిడ అంటుంది. నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ క్యాంపు జాబితాలో ఆమె పేరు జూలై రైలులో ఉంది. మంచు చెరిపేయకండి, జూలై దాచేయకండి. మంచులో నిలబడ్డ పిల్లను గీసి, పక్క ప్యానెల్లో జాబితాలోని తేదీ చూపించండి. హోలోకాస్టే జరగలేదని వాదించేవాళ్లు ఇలాంటి చిన్న తేడాల కోసమే కాచుకుని ఉంటారు. దాచి దొరికిపోవడం కన్నా ముందే బల్ల మీద పెట్టడం మేలు.

5. పిల్ల ఎత్తులోంచి చూడండి

ప్యానెల్ గీసే ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒకసారి మీ ఇల్లు చూడండి. బల్ల అడుగు భాగం కనిపిస్తుంది. పెద్దవాళ్ల మొహాలు దూరమైపోతాయి; చేతులు, గుండీలు, బూట్లు దగ్గరవుతాయి. పిల్లల జ్ఞాపకంలో యూనిఫారం వేసుకున్నవాడు ఎప్పుడూ నడుము దాకానే ఉండటానికి కారణం అదే. పై నుంచి క్యాంపు మొత్తాన్ని చూపించే విశాల దృశ్యాలు వేయాలని చేయి దురద పెడుతుంది. ఆ చూపు ఆ పిల్లది కాదు. వేయకండి.

ఒక పేజీని దగ్గరగా చూద్దాం. ఇది ఎవరి జ్ఞాపకమూ కాదు, పద్ధతి చూపడానికి నేను కల్పించినది. డచ్ పల్లెలో ఒక రైతు ఇల్లు, దాక్కున్న పిల్లవాడు, ఆరు ప్యానెళ్లు.

మొదటిది పేజీ వెడల్పంతా: గుమ్మం దగ్గర వరసగా చెక్క బూట్లు, నాలుగు పెద్ద జతలు, చివర ఒక చిన్న జత. రెండో ప్యానెల్లో ఒక ఆడమనిషి చెయ్యి ఆ చిన్న జతను గబుక్కున తీస్తోంది. ఆమె మొహం ప్యానెల్ అంచు దాటి పైకి వెళ్లిపోయింది. మూడోది దాదాపు నలుపు, చెక్కల సందులోంచి ఒక్క వెలుగు గీత. నాలుగులో ఆ సందులోంచి బూట్లు, మోకాళ్ల దాకా. మాట్లాడుతున్నారని తెలియడానికి బెలూన్ (మాటలు రాసే బుడగ) ఉంది, లోపల అక్షరాలు లేవు, వంకర గీతలున్నాయి. వాడికి ఆ మాటలు తెలియలేదు కాబట్టి మనకూ తెలియకూడదు. అయిదులో చిన్న చేతులు ఆ చెక్క బూట్లను కడుపుకు అదుముకున్నాయి. ఆరోది నేటి రోజు: ముడతలు పడ్డ చెయ్యి, బల్ల మీద కాఫీ కప్పు. బెలూన్‌లో ‘వాళ్లు ఎంతసేపు ఉన్నారో నాకు తెలియదు.’

అయిదుకూ ఆరుకూ మధ్య సైనికులు బయటికి వెళ్లే దృశ్యం వేయాలనిపిస్తుంది. పిల్లవాడు చూడలేదు, కనుక లేదు. భయమనే మాట పేజీలో ఎక్కడా లేదు, కన్నీటి చుక్క లేదు. సినిమా బాణీకి అలవాటుపడ్డ మనకు చెయ్యి ఊరుకోదు, ఒక క్లోజప్ పెట్టి ఏడిపిస్తే తప్ప సీను పండలేదనుకుంటాం. ఇక్కడ మాత్రం ఆ చిన్న జత బూట్లే చాలు.

చెబుతున్న మనిషి ఈనాటి రూపం కథలో తరచుగా రావాలి. వాళ్లు బతికారు, పెళ్లి చేసుకున్నారు, విసుక్కుంటారు, జోకులేస్తారు. ఆ పేజీలు లేకపోతే ఆ మనిషి ఎప్పటికీ క్యాంపులోనే ఉండిపోతారు.

6. అమ్మ మొహం గుర్తులేకపోతే

ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం ఇది. ఫొటో మిగల్లేదు, మొహం గుర్తులేదు. చిత్రకారుడు దయతో ఒక అందమైన మొహం గీసి ఇస్తాడు. అది మంచి ఉద్దేశంతో చేసిన అన్యాయం. రేపటి నుంచి ఆవిడ తలపుల్లో ఉండేది మీరు గీసిన మొహమే.

ముందు అడగండి: మొహం కావాలా, వద్దా? వద్దంటే చేతులు గీయండి, వెనక నుంచి జడ గీయండి, కోటు నీడ గీయండి. బాపు గీతతో పెరిగినవాళ్లం, వెనక తిరిగి నిలబడ్డ మనిషిలో కూడా ఎంత మనిషితనం పట్టొచ్చో మనకు ఒకరు చెప్పాలా? కావాలంటే మాత్రం వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని గీయండి, ‘ఇంతకన్నా సన్నం’, ‘జుట్టు ఇలా కాదు’ అన్నప్పుడల్లా చెరపండి. ఎక్కడ చాలు అంటారో అక్కడ ఆపండి. మొహం సగమే వచ్చినా సరే.

7. ఏ ఫొటో చూసి గీస్తున్నారో తెలుసుకోండి

ఇంటర్నెట్‌లో దొరికే ప్రసిద్ధ ఫొటోల్లో చాలా వాటిని తీసింది చంపినవాళ్లే. పోలండ్‌లోని వార్సా గెట్టోలో, అంటే యూదుల్ని బంధించి ఉంచిన పేటలో, చేతులెత్తి నిలబడ్డ పిల్లవాడి ఫొటో 1943లో ఎస్ఎస్ అనే నాజీ సాయుధ దళపు అధికారి స్ట్రూప్ పైవాళ్లకు పంపిన నివేదికలోది. జర్మన్లు ఆక్రమించిన పోలండ్‌లోని ఆష్విట్జ్ అనే మృత్యు శిబిరంలో హంగరీ యూదులు రైలు దిగుతున్న ఫొటోలు 1944లో ఎస్ఎస్ వాళ్లు తీసిన ఆల్బమ్‌లోవి. వాటిని చూసి యథాతథంగా గీస్తే కెమెరా వెనకున్నవాడి కంటితోనే మళ్లీ చూసినట్టు. వస్తువుల కోసం, భవనాల కోసం వాడుకోండి. కోణం మాత్రం మార్చండి. లోజ్ గెట్టోలో మెండెల్ గ్రోస్‌మన్, హెన్రిక్ రాస్ అనే యూదు ఫొటోగ్రాఫర్లు ప్రాణాలకు తెగించి రహస్యంగా తీసినవి ఉన్నాయి, ముందు అవి చూడండి.

అంతకన్నా ముందు పిల్లలే గీసిన బొమ్మలు చూడండి. టెరెజీన్ గెట్టోలో ఫ్రిడెల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకు బొమ్మలు నేర్పింది. ఆమెను 1944 అక్టోబరులో ఆష్విట్జ్‌లో చంపారు. పిల్లలు గీసిన సుమారు 4,500 బొమ్మలు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో మిగిలాయి. అదే గెట్టోకు పన్నెండేళ్లకు వెళ్లిన హెల్గా వైసోవా మొదట మంచుబొమ్మ గీసి తండ్రికి పంపితే, చూసింది గీయమని ఆయన కబురు పంపాడు. ఆ తర్వాత ఆమె క్యూలు గీసింది, మూడంతస్తుల మంచాలు గీసింది. థామస్ గేవ్ జర్మనీలోని బుకెన్‌వాల్డ్ క్యాంపులో విడుదలయ్యేనాటికి పదిహేనేళ్లవాడు. కదల్లేని నీరసంలో క్యాంపులోనే ఉండి, తండ్రికి చూపించాలని రంగు పెన్సిళ్లతో 79 చిన్న చిన్న బొమ్మలు వేశాడు. ఏ పూట ఏం తిండి, ఏ పనికి ఏ పనిముట్టు, ఏ గుర్తుకు ఏ అర్థం, అంతా పట్టికల్లా ఉంటుంది. పిల్లల దృష్టి దేని మీద నిలుస్తుందో అక్కడ తెలుస్తుంది.

8. చిన్న వివరాలు సరిచూసుకోండి

చేతి మీద నంబరు పచ్చబొట్టు వేసింది ఆష్విట్జ్‌లోనే. రావెన్స్‌బ్రూక్ క్యాంపుకే వెళ్లిన పిల్ల చేతికి నంబరు వేస్తే తప్పు. యూదులు బట్టల మీద కుట్టుకోవాల్సి వచ్చిన పసుపు నక్షత్రం మీది మాట ఫ్రాన్స్‌లో ఫ్రెంచిలో, నెదర్లాండ్స్‌లో డచ్‌లో, జర్మనీలో జర్మన్‌లో ఉండేది. జర్మన్లు ఆక్రమించిన పోలండ్‌లో చాలాచోట్ల తెల్ల గుడ్డ పట్టీ మీద నీలం నక్షత్రం. జర్మనీలో 1941 సెప్టెంబరు నుంచి, నెదర్లాండ్స్‌లో 1942 మే నుంచి, ఆరేళ్లు నిండినవాళ్లకే ఆ పసుపు నక్షత్రం తప్పనిసరి. నాలుగేళ్ల పాప కోటు మీద ఉండదు. ఆష్విట్జ్‌లో భాగమైన బర్కెనావ్ క్యాంపు లోపలిదాకా రైలు పట్టాలు వచ్చింది 1944 మేలో. అంతకు ముందు చేరినవాళ్లు బయట వేరే ప్లాట్‌ఫాం మీద దిగారు. బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో గ్యాస్ చాంబర్లు (విషవాయువుతో చంపే గదులు) లేవు, అక్కడ చంపింది ఆకలి, టైఫస్. జర్మనీలోని ఆరొల్సెన్ ఆర్కైవ్స్‌లో పేరు పెట్టి ఆన్‌లైన్‌లో వెతికితే చాలాసార్లు అసలు కార్డే దొరుకుతుంది.

హింస ఎంతవరకు చూపాలన్నది నన్నడిగితే, ఆ పిల్ల చూసినంత వరకు, అదీ వాళ్లు ఒప్పుకున్నంత వరకు. శవాల గుట్టను ఎదురెదురు రెండు పేజీల నిండా వేస్తే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు, ఆ చనిపోయినవాళ్లకూ గౌరవం కాదు.

9. ఇంకు పెట్టకముందే చూపించండి

పెన్సిలు దశలో ప్రతి పేజీ వాళ్లకు చూపించండి. ఇంకు పెట్టాక చూపిస్తే పెద్దమనుషులు మొహమాటపడి బాగుందంటారు. ‘ఇది తీసేయండి’ అంటే కారణం అడక్కుండా తీసేయాలి, అది మీ పుస్తకంలో అన్నిటికన్నా మంచి పేజీ అయినా సరే.

పని మొదలుపెట్టేటప్పుడే ఒప్పందం రాసుకోండి. అట్ట మీద సహరచయితగా వాళ్ల పేరు, రాయల్టీలో వాటా, ఏ దశలోనైనా వెనక్కి తీసుకునే హక్కు, వాళ్లు పోయాక అనుమతులు ఎవరివ్వాలి, అసలు బొమ్మలు ఎవరి దగ్గరుండాలి. మనవాళ్లకు ‘నమ్మకం ఉండగా కాగితమెందుకు’ అనే అలవాటుంది. ఇక్కడ అది పనికిరాదు.

10. తెలుగులో అచ్చువేసేటప్పుడు

వత్తులూ గుడులూ పైకీ కిందికీ పాకుతాయి కనుక ఇంగ్లిషు కామిక్స్ కొలతతో బెలూన్లు గీస్తే మాట పట్టదు. ముందు మాట రాసి, ఆ చుట్టూ బెలూన్ గీయండి. చేతిరాత బాగుంటే ఫాంటు జోలికి పోకండి. పిల్లల మాటలు పొట్టిగా ఉంచండి. ఏ జిల్లా యాసా అంటించకండి, హేగ్ పట్టణపు పిల్ల భీమవరం మాట మాట్లాడితే నవ్వొస్తుంది.

స్వస్తిక్ విషయంలో జాగ్రత్త. మన గడపల మీద, పెళ్లిపత్రికల మీద ఉండే గుర్తు పిల్లలకు శుభసూచకం. నాజీ గుర్తును దాని అసలు రూపంలోనే వేయండి: ఎర్ర గుడ్డ, తెల్ల వృత్తం, నలభై అయిదు డిగ్రీలు వాలిన నల్ల గుర్తు. అలంకారంగా అట్ట మీద వాడొద్దు. మన వాడుకలో కఠినమైన నాన్నను ‘హిట్లర్’ అని ముద్దుగా పిలిచే అలవాటు కూడా ఉంది కనుక, అతనెవరో తెలుసులే అనుకోకండి. చివర నాలుగు పేజీలు కేటాయించి ఒక మ్యాపు, సంవత్సరాల వరస, ఆ కుటుంబంలో ఎవరు ఎక్కడ ఏమయ్యారో ఇవ్వండి. మూడు రంగుల్లో ఏది ఏ పేజీకి ఆధారమో కూడా అక్కడే రాయండి. తర్వాత కొత్త డాక్యుమెంటు ఏదైనా దొరికితే రెండో ముద్రణలో దిద్దాల్సింది ఆ నాలుగు పేజీలనే. మంచు కురిసిన పేజీని మాత్రం ముట్టుకోకండి.